ఏలుబడి లేని గవర్నరు: స్ట్రాత్కోనా ప్రభువు చరిత్రము



గవర్నరు అను మాట మన పల్లెలకు కొత్తది కాదు. చెన్నపట్టణపు కోటలో కూర్చుండి మన జిల్లాలను ఏలిన గవర్నరుల పేరులు మన తాతముత్తాతలు ఎఱిగినవే. 1950వ సంవత్సరమున మన రాజ్యాంగము అమలులోనికి వచ్చినది మొదలు రాష్ట్రమునకు గవర్నరు ఉండును గాని, ఏలుబడి మంత్రులది. వారి సలహా ననుసరించి గవర్నరు సంతకము చేయును. పేరు నిలిచినది, పని మాఱినది. ఇట్లు పేరు నిలిచి ఏలుబడి తొలగిన గవర్నరు పదవి మఱియొక ఖండమున మఱియొక విధముగా ఏర్పడినది. ఆ పీఠముపై 25 సంవత్సరములు కూర్చున్నవాడు స్కాట్లండు దేశమున పుట్టి కెనడాలో బ్యాంకు అధ్యక్షుడైన డోనాల్డు స్మిత్తు. లోకము అతనిని స్ట్రాత్కోనా ప్రభువని ఎఱుగును. అతని చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని.

ఇతనిని మహాదాతయని కొనియాడినవారు కలరు. తన్ను నమ్మినవారి సొమ్ముతో పైకి వచ్చినవాడని నిందించినవారును కలరు. చరిత్రపాఠము చెప్పుచు తల నెరసినవాడను గనుక నాకొక అలవాటు కలదు. ఎవనినైన తూచవలసివచ్చినప్పుడు త్రాసునకు తట్టలు రెండని తలచుకొందును. ఒక తట్టలో అతడు ఇచ్చినది వేయవలెను. రెండవ తట్టలో అతనియొద్ద ఇతరులు ఉంచినది వేయవలెను. ఈ రెండును చూచినగాని ముల్లు ఎటు మొగ్గునో తెలియదు.

మొదట ఆ పదవి పుట్టుక చెప్పెదను. ఇంగ్లండులో 1600లో తూర్పు ఇండియా కంపెనీ పుట్టిన సంగతి మీరెఱుగుదురు. దానికి తమ్మునివంటి కంపెనీ యొకటి 1670 మే 2వ తేదీన పుట్టినది. రెండవ చార్లెసు రాజు తన బంధువైన రూపర్టు రాకుమారునికిని, అతని తోడివారికిని ఒక పట్టా వ్రాసి యిచ్చెను. ఉత్తర అమెరికాలో హడ్సను అఖాతమున కలియు నదులన్నియు ఏ నేలనుండి పాఱునో ఆ నేలయంతయు వారి కంపెనీకి చెందునని దాని తాత్పర్యము. ఆ నేల నేటి కెనడాలో మూడవవంతునకు మించినది. అచ్చట తరతరములుగా నివసించు జనులను ఎవరును అడుగలేదు. ఇదియే హడ్సను బే కంపెనీ. దాని మొదటి గవర్నరు రూపర్టు. అందుచేత ఆ దేశమునకు రూపర్టు భూమియని పేరు వచ్చెను.

ఈ కంపెనీ సరకు పత్తి కాదు, బట్టలు కాదు, బొచ్చుగల తోళ్లు. నీటిలోను గట్టునను బ్రదుకు బీవరను జంతువు తోలునకు ఐరోపాలో మిక్కిలి గిరాకి. దాని బొచ్చుతో టోపీలు చేసెడివారు. మంచుదేశపు జనులు వేటాడి తోళ్లు తెచ్చుట, కంపెనీవారు తుపాకులు, కంబళ్లు, వంటపాత్రలు మాఱకమిచ్చుట, ఇదియే వ్యాపారము. ఆ కోటలలో కంపెనీయే వర్తకుడు, కంపెనీయే న్యాయాధికారి, కంపెనీయే దొర. గవర్నరు లండనులో ఉండినను అతని పేర ఒక మహారాజ్యము నడచెడిది.

డోనాల్డు స్మిత్తు 1820 ఆగస్టు 6వ తేదీన స్కాట్లండు ఉత్తరభాగమున ఫారెసు అను చిన్న పట్టణమున జన్మించెను. కలవారి బిడ్డ కాడు. అతని మేనమామ జాను స్టువర్టు అమెరికాలో తోళ్లవ్యాపారము చేసి పేరుపొందినవాడు. ఆ మేనమామ అండతో స్మిత్తు 1838లో, తన 18వ యేట, ఓడయెక్కి కెనడా చేరి హడ్సను బే కంపెనీలో గుమస్తాగా కుదిరెను. తోళ్లు లెక్కపెట్టుట, చెడినవి ఏరుట, కట్టలు కట్టించుట అతని తొలి కొలువు.

కంపెనీకి అమెరికా ఖండమున పెత్తనము చేయు స్థానిక గవర్నరు వేఱొకడుండెను. అతడు జార్జి సింప్సను, కఠినుడు. స్మిత్తునకు 1847లో కంటిజబ్బు చేసెను. సెలవు లేకయే కొలువు విడిచి చికిత్సకై మాంట్రియాలు నగరమునకు వచ్చినందుకు సింప్సను మండిపడి, అతనిని లాబ్రడారు అను మాఱుమూల తీరమునకు పంపెను. అచ్చట చలి యెక్కువ, మనుష్యులు తక్కువ. ఏడాదిలో ఉత్తరములు వచ్చుట కొలదిసారులే. అట్టిచోట స్మిత్తు సుమారు 20 సంవత్సరములు గడపెను.

ఆ శిక్షనే అతడు సాధనగా మార్చుకొనెను. చేపల యెరువు వేసి ఆ బంజరున కూరగాయలు పండించెను, పశువులను పెంచెను, తోళ్లకు తోడు సాల్మను చేపల వ్యాపారమును వృద్ధిచేసెను. ఇసబెల్లా హార్డిస్టీ అను నామెను 1853లో వివాహమాడెను. ఆమె తల్లివైపున ఆ దేశపు మూలవాసుల రక్తము కలదు. పురోహితుడు దొరకని ఆ చోట దేశాచారము చొప్పున జరిగిన పెండ్లియది. పిదప నగరములలోని పెద్దయిండ్లవారు దానిని గూర్చి గుసగుసలాడిరి. అతడు ఆమెను విడువలేదు. ఆమె మొదటి సంబంధమున కలిగిన కుమారునిగూడ తన యింటనే పెంచెను. ఇది మొదటి తట్టలో వేయదగినది.

ఇక బ్యాంకువాడగుట యెట్లో వినుడు. ఆ మంచుకోటలలో కొలువుచేయు అధికారులకు జీతమును లాభపువాటాయును వచ్చుచుండెను గాని, ఖర్చుపెట్టుటకు అంగడి లేదు, దాచుకొనుటకు చోటు లేదు. మన పల్లెలలో నాలుగురూకలు మిగిలిన రైతు మాట తప్పని పెద్దమనిషియొద్ద వానిని దాచుకొనుట కద్దు. అట్లే అనేకులు తమ పొదుపును స్మిత్తు చేతిలో పెట్టిరి. అతడు వారికి వడ్డీ కట్టుచు, ఆ ధనముతో మాంట్రియాలు బ్యాంకు వాటాలు కొనెను. వడ్డీ చెల్లింపగా మిగిలిన లాభము అతనిది. ఇందు మోసము లేదు. ప్రతి బ్యాంకును చేయునది అదియే. కాని ఇటుకలతో కట్టిన బ్యాంకు కాదిది. ఒక మనుష్యుని మాటపై నిలిచిన బ్యాంకు. ఆ బ్యాంకునకు మూలధనము నమ్మకము.

ఇంతలో కాలము మాఱెను. ఇండియాలో తూర్పు ఇండియా కంపెనీ ప్రభుత్వము 1858లో రాణి చేతిలోనికి పోయినట్లే, ఇచ్చట హడ్సను బే కంపెనీ ఏలుబడియు తీరవలసిన దినములు వచ్చెను. కొత్తగా ఏర్పడిన కెనడా ప్రభుత్వము రూపర్టు భూమిని కొనుటకు బేరమాడెను. నిశ్చయమైన వెల 3 లక్షల పౌనులు. దానికితోడు సారవంతమైన మైదానమున ఇరువదవవంతు నేల కంపెనీకే ఉండునట్లు ఒప్పందము. ఆ యిరువదవవంతే సుమారు 70 లక్షల యెకరములు. ఈ సంఖ్యను గుర్తుంచుకొనుడు. కథయంతయు దీనిచుట్టునే తిరుగును.

ఆ నేలపై మనుష్యులున్నారన్న సంగతి ఈ మాఱును ఎవరికిని తోచలేదు. ఎఱ్ఱనదీ తీరమున మేటీలను జనులుండిరి. ఐరోపా వర్తకులకును మూలవాస స్త్రీలకును పుట్టినవారి సంతతి వారు. నది నానుకొని పొడవైన మడులుగా పొలములు చేసికొని, అడవిదున్నలను వేటాడి బ్రదుకువారు. 1869 అక్టోబరులో కెనడా సర్వేవారు వచ్చి వారి పొలములకు అడ్డముగా కొలతలు వేయసాగిరి. లూయీ రియెల్ అను యువకుడును అతని తోడివారును కొలతగొలుసును కాలితో త్రొక్కిపట్టి, ఇక సాగరాదనిరి. కొలతగొలుసు పొలములో పడిన దినమున రైతు గుండె యెట్లుండునో మీకు నేను చెప్పవలెనా? కెనడా పంపిన గవర్నరును వారు సరిహద్దుననే ఆపి మరలించిరి. ఏలకయే తిరిగిపోయిన గవర్నరు అతడొకడు.

అప్పుడు కెనడా ప్రధానమంత్రి మాక్డొనాల్డు రాయబారిగా పంపినది మన స్మిత్తునే. అతడు 1869 డిసెంబరు 27వ తేదీన ఎఱ్ఱనది కోట చేరెను. 1870 జనవరి 19, 20 తేదీలలో, నీరు గడ్డకట్టు స్థితికి ఎంతో దిగువనున్న చలిలో, ఆరుబయట వేయిమందికి పైగా జనులు నిలిచి గంటలతరబడి అతని మాటలు వినిరి. అతడు ఇంగ్లీషున చెప్పిన దానిని ఫ్రెంచిభాషలోనికి మార్చి చెప్పినవాడు ప్రతిపక్షి యగు రియెలే. ఇరువర్గములనుండి ఇరువదేసి మంది ప్రతినిధులతో సభ యేర్పడెను. మార్చి 4వ తేదీన థామసు స్కాటు అను బందీని రియెలువర్గము కాల్చి చంపినప్పుడు, వలదని స్మిత్తు బ్రతిమాలినను వారు వినరైరి. తుదకు 1870 జూలై 15వ తేదీన ఆ నేల కెనడాలో కలిసెను. మానిటోబా రాష్ట్రము పుట్టెను. మేటీల బిడ్డలకు 14 లక్షల యెకరములు చెందునని చట్టము చెప్పెను. చట్టము చెప్పినది చేతికందుట ఆలస్యమై, వారిలో అనేకులు ఆ భూమిని అనుభవింపకయే చెదరిపోయిరి.

ఇప్పుడు రెండవ తట్ట దగ్గఱకు వచ్చితిమి. కంపెనీలో 1821 నాటి పత్రము చొప్పున లాభమున నూటికి 40 వంతులు, మంచులో కొలువుచేయు అధికారులకు చెందెడివి. వారు జీతగాండ్రు మాత్రమే కారు, వాటాదారులు. 1863లో లండనులోని ధనికులు కొందరు కంపెనీని కొని వాటాలు తిరిగి అమ్ముకొన్నప్పుడు వీరికి మాటమాత్రమైనను చెప్పలేదు. ఇప్పుడు 3 లక్షల పౌనులు వచ్చినవి. 70 లక్షల యెకరములు మిగిలినవి. వీనిలో తమ వాటా యేదియని అధికారులడిగిరి. తమ పక్షమున మాటాడుటకు 1871లో వారు లండనునకు పంపినది ఎవరిని? తమ పొదుపును దాచిన స్మిత్తునే. అయితే ఆ కాలముననే కంపెనీయు కెనడాలో తన వ్యవహారములకు అతనినే ప్రధానాధికారిగా చేసికొనియుండెను. తగవులో ఇరుపక్షములకును ఒక్కడే పెద్దమనిషి యయ్యెను.

ఫలితము ఇది. అధికారులు తమ పాతహక్కులు వదలుకొన్నందుకు 1,07,055 పౌనులు ముట్టినవి. తోళ్లవ్యాపారపు లాభమున మాత్రము వాటా కొత్తపత్రమున నిలిచినది. భూమిలో వాటా లేదు. తోళ్లవ్యాపారము నానాటికి తఱుగునది. భూమి నానాటికి పెరుగునది. స్మిత్తు 1874 నుండి 1879 వఱకు కంపెనీ భూములకే అధికారిగా ఉండెను. పిమ్మట కంపెనీ వాటాలను విరివిగా కొని, 1883లో పాలకవర్గమున చేరి, 1889లో గవర్నరయ్యెను. ఏ భూమిలో తన తోడివారికి వాటా రాలేదో, ఆ భూమిగల కంపెనీలో అతడు పెద్ద వాటాదారుడయ్యెను.

అతని పక్షమున చెప్పదగినది లేకపోలేదు. 1821 నాటి పత్రము వ్యాపారలాభమును చెప్పినదే గాని భూమిని గూర్చి స్పష్టముగా పలుకలేదు. ఆనాడు రైలు లేదు. ఆ మైదానము ఇంత విలువకు వచ్చునని అందఱు నమ్మలేదు. అంతకంటె ఎక్కువ రాబట్టుట ఎవరికిని సాధ్యము కాకుండెనేమో. ఇదియంతయు న్యాయస్థానమున నిలుచు వాదము. కాని నమ్మకమునకు న్యాయస్థానము వేఱు. ఒకని తరఫున తగవునకు పోయినవాడు ఎదుటివాని కొలువులో ఉండరాదని మన రచ్చబండకు తెలియును. ఆ చిన్న ధర్మమును లండను నగరమున ఎవరును అడుగలేదు. స్మిత్తును తనంత తాను అడుగుకొనినట్లు కానరాదు.

తరువాతి కథ త్వరగా చెప్పెదను. కెనడా తూర్పుభాగమునుండి పడమటిసముద్రమునకు రైలుదారి వేయుట మహాకార్యము. దానిని తలకెత్తుకొన్నవారిలో స్మిత్తును, అతని దాయాది జార్జి స్టీఫెనును ముఖ్యులు. డబ్బు చాలక పని ఆగిపోవు గడియ వచ్చినప్పుడు వీరిరువురు తమ సొంత ఆస్తులను తాకట్టుపెట్టిరి. 1885 నవంబరు 7వ తేదీన క్రెయిగెలాకీ అనుచోట చివరి మేకు కొట్టు గౌరవము స్మిత్తునకు దక్కెను. బంగారు మేకు కాదు, సాధారణమైన ఇనుపమేకు. మొదటి దెబ్బకు అది వంగిపోయెను. దానిని పెఱికి మఱియొకటి పెట్టి తిన్నగా కొట్టెను. ఆనాటి ఛాయాచిత్రము ప్రసిద్ధమైనది. కొండలు తొలిచి ఆ దారివేసిన వేలకొలది చైనా కూలీలలో ఒక్కడును అందు లేడు.

ఆ మేకు కొట్టిన తొమ్మిదవనాడు, నవంబరు 16న, లూయీ రియెలును రెజైనా పట్టణమున ఉరితీసిరి. ఆ యేడు మేటీలు మరల తిరుగబడగా, సైన్యములను త్వరగా చేర్చినది ఆ రైలుదారియే. ఒకప్పుడు ఒకే వేదికపై ఒకడు మాటాడగా రెండవవాడు తర్జుమా చేసెను. పదునైదేండ్లకు ఒకని చేతిలో సమ్మెట, ఒకని మెడకు త్రాడు.

ఇక పదవులు వరుసగా వచ్చినవి. 1887 నుండి 1905 వఱకు మాంట్రియాలు బ్యాంకునకు అధ్యక్షుడు. 1889 నుండి హడ్సను బే కంపెనీకి గవర్నరు. 1896 నుండి లండనులో కెనడా ప్రతినిధి. 1897లో ప్రభువు బిరుదు. ఆ గవర్నరుగిరీలో ఏలుబడి యేది? రూపర్టు కూర్చున్న పీఠమే, పిలుపును అదే. కాని నేల కెనడాది, చట్టము పార్లమెంటుది, న్యాయము న్యాయస్థానములది. గవర్నరు చేయవలసినది వాటాదారుల సభకు అధ్యక్షత వహించి, ఏడాది లెక్కలను వారి యెదుట పెట్టుట. తోళ్ల సంస్థానము భూములమ్ము అంగడియై, పిదప బట్టల దుకాణమాయెను. మొదటి పట్టాలో ఒక విచిత్రమైన కట్నము కలదు: రాజు ఆ భూమికి వచ్చినప్పుడెల్ల రెండు ఎల్కులు, అనగా పెద్దదుప్పులు, రెండు నల్ల బీవర్లు కప్పము చెల్లింపవలెను. ఏలుబడి పోయిన 69 ఏండ్లకు, 1939లో ఆఱవ జార్జిరాజు విన్నిపెగు నగరమునకు వచ్చినప్పుడు, కంపెనీవారు దుప్పితలలను, బీవరుతోళ్లను సభక్తికముగా సమర్పించిరి. రాజ్యము పోయినను కప్పము మిగిలినది. లాంఛనమనగా ఇదియే.

స్మిత్తు దానములను తక్కువ చేయరాదు. 1887లో అతడును స్టీఫెనును కలిసి మాంట్రియాలులో ఆసుపత్రికై 10 లక్షల డాలర్లు ఇచ్చిరి. స్త్రీలకు పైచదువు వలదన్న ఆ కాలమున, 1884లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున స్త్రీవిద్యకై ధనమిచ్చెను. వారికై కట్టించిన కళాశాల 1899లో తెఱవబడెను. ఆ విద్యార్థినులను జనులు అతని పేరుమీద డోనాల్డాలని పిలిచిరి. నేను బడిపంతులను గనుక ఈ దానమునకు ప్రత్యేకముగా చేతులు జోడింతును. అతనికి ఒక్కతే కుమార్తె. తన బిరుదు ఆమెకే సంక్రమించునట్లు 1900లో ప్రత్యేకపత్రము సంపాదించెను. ఆ యేడే దక్షిణాఫ్రికా యుద్ధమునకు సొంత ఖర్చుతో ఒక ఆశ్వికదళమును పంపెను. 1909లో పారసీక దేశపు నూనెబావుల కంపెనీకి తొలి అధ్యక్షుడయ్యెను. అప్పటికి అతనికి 88 ఏండ్లు.

1913 నవంబరులో ఇసబెల్లా కన్నుమూసెను. 1914 జనవరి 21వ తేదీన, లండనులో, పదవులలో ఉండగనే అతడును గతించెను. హైగేటు శ్మశానమున ఇరువురును ఒకేచోట నిదురించుచున్నారు. ఏ కంపెనీకి అతడు గవర్నరో ఆ కంపెనీ దుకాణములన్నియు 2025లో, పుట్టిన 355 ఏండ్లకు, మూతపడినవి.

పెద్దలారా! త్రాసు మీ చేతికి ఇచ్చుచున్నాను. ఆసుపత్రి నిజము, కళాశాల నిజము, భార్యను విడువని నిష్ఠ నిజము. మంచులో ముప్పదియేండ్లు కొలువుచేసి, భూమిలో సెంటైనను దక్కక ముసలివారైన అతని తోడివారును నిజమే. దానము ఇచ్చువాని యిష్టము. నమ్మకము ఉంచినవాని హక్కు. ఇష్టముతో చేసినది ఎంత పెద్దదైనను, హక్కుగా చెల్లింపవలసినదానికి చెల్లు కాదని నా అభిప్రాయము. మీ యూళ్లలో సహకార సంఘమునకో, దేవాలయపు నిధికో, చీటికో పెద్దగా ఎన్నుకొనబడినవారు మీలో ఎందఱో కలరు. ఎదుటిపక్షము వారు కూడ మిమ్మునే తమ పెద్దగా కోరిన దినమున, లేచి నిలిచి, రెంటిలో ఒకదానిని వదలుకొనుడు. గవర్నరు పీఠములు వచ్చును, పోవును. మీయొద్ద సొమ్ము దాచినవాడు మాత్రము రేపు ఉదయమున మీ గుమ్మము ముందునుండియే పొలమునకు పోవును.